సందుల్లేని ఇల్లు

ఆ ఏడు దర్జీ చలి మీద పగబట్టాడు.

పట్టడా మరి? కిందటి చలికాలం కూతురికి ఛాతీలో నెమ్ము చేరింది. ఆసుపత్రి మంచం మీద అంత చిన్న ప్రాణం ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, తండ్రన్నవాడు గోడకు ఆనుకుని చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాడు. బక్కగా ఉంటుందని అందరూ పిచిక అని పిలిచే ఆ పిల్ల కోలుకుని ఇంటికొచ్చింది. భయం కూడా ఆయన వెంటే వచ్చి ఇంట్లో తిష్ట వేసింది.

అందుకే చల్లగాలి మొదలవగానే యుద్ధానికి దిగాడు. ఆయుధాలకేం కొదవ, కొట్టు నిండా పేలికలే. కోట్లు కత్తిరించగా మిగిలిన ఉన్ని ముక్కల్ని పొడవాటి గొట్టాల్లా కుట్టి, దూది కూరి, తలుపు చుట్టూ మేకులతో బిగించాడు. కిటికీ రెక్కల సందులకు పట్టీలు కుట్టాడు. పైన పొగ పోయే చిన్న కంతకి కొలతలు తీసుకుని, పెళ్ళికొడుకు సూటు కుట్టినంత శ్రద్ధగా ఒక మెత్త కుట్టి దిగ్గొట్టాడు. గది మధ్యలో బొగ్గుల కుంపటి పెట్టాడు. ఇక చీమ దూరాలన్నా ఆయన అనుమతి కావాల్సిందే. తన పని చూసుకుని మురిసిపోవడంలో మన దర్జీని మించినవాడు లేడు.

"ఈ తలుపు తియ్యాలంటే పహిల్వాన్ని పెట్టుకోవాలి," అంది భార్య, రెండు చేతులతో లాగుతూ.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆమెకు తలనొప్పి పట్టుకుంది.

"ఏమండీ, తల పగిలిపోతోంది. వీధిలోకి వెళ్తే మాత్రం నయంగా ఉంటోంది."

"ఇంట్లో పనుంటుంది కదా, అందుకే వీధిలో నయంగా ఉంటుంది," అని ఎకసెక్కమాడాడు దర్జీ.

పిచిక కడుపులో తిప్పుతోందని తిండి మానేసింది. చలి ఇంకా ఎక్కడి నుంచో దూరుతోందని తేల్చేశాడు ఆయన. తలుపు చుట్టూ మరో వరస బిగించాడు. ఆయనకేమో తల నిక్షేపంగా ఉండేది. రోజంతా వీధి వైపు తెరిచి ఉన్న కొట్లో కూర్చుంటాడు. ఇంటికి చేరేసరికి కుంపటి చల్లారిపోయి ఉండేది.

కొట్టుకు సెలవు రోజున, ఒక కోటుకి కాజాలు కుట్టే పని ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య కూరలకని వెళ్ళింది. పిచిక మంచం మీద పడుకుంది. ఆయన కుంపటి పక్కనే చేరి, హాయిగా ఉందనుకుంటూ ఒక కాజా కుట్టి, రెండోదానికి సూది అందుకున్నాడు.

దారం ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. కళ్ళు మూసుకుని కూడా దారం ఎక్కించగలనని గొప్పలు పోయే మనిషికి, దారపు కొసను ఎన్నిసార్లు తడిపినా సూది బెజ్జం దొరకలేదు. కణతలు అదురుతున్నాయి. అంతకుముందు కుట్టిన కాజా చూస్తే కుట్లు తాగినవాడి నడకలా వంకర్లు పోయాయి. అప్పుడు భార్య అన్న మాట చెవిలో పడ్డట్టయింది, వీధిలోకి వెళ్తే నయంగా ఉంటోందని. కుంపటి వైపు చూశాడు, పైన తను మూసేసిన పొగ కంత వైపు చూశాడు.

"పిచికా!"

పలకలేదు. కుదిపాడు. మెడ వాలిపోయింది.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను భుజాన వేసుకుని గోడ పట్టుకుని లేచాడు. ఎలాగో తలుపు చేరి గడియ తీసి లాగాడు. రాలేదు. ఎంత గట్టిగా బిగించాడో ఆయనకే తెలుసు. మొలలో దోపుకున్న కత్తెర తీసి, తను కుట్టిన వరసల్ని తనే చీల్చాడు. దూది కుప్పగా కాళ్ళ మీద పడింది. మళ్ళీ లాగితే తలుపు ఊడినట్టుగా తెరుచుకుంది. ఇద్దరూ గడప అవతల పడ్డారు.

ఈదురుగాలి. పిచిక ఒకసారి వెక్కింది, తండ్రి చొక్కా మీదే కక్కింది, ఆ తర్వాత గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆయన కూడా ఏడ్చాడు, సిగ్గు లేకుండా, వీధిలో జనం చూస్తుండగానే. ఎవరో ఆసుపత్రికని ఆటో కోసం పరుగెత్తారు.

అప్పుడే భార్య సంచీతో వచ్చింది. చలిలో, స్వెట్టరైనా లేకుండా, మట్టిలో కూర్చున్న పిల్లని చూసి మండిపడింది.

"మతుందా మీకు? మళ్ళీ నెమ్ము చేరాలనా? ఇలా ఇవ్వండి, కుంపటి దగ్గర పడుకోబెడతాను."

పిల్లను లాక్కుని లోపలికి అడుగు వేయబోయింది. ఆయన ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆపాడు.

"వద్దే. చంపుతోంది చలి కాదు, నేనే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. చీలిపోయిన తలుపు పట్టీల వైపు, లోపల ఎర్రగా రగులుతున్న బొగ్గుల వైపు చూసింది. వారం నుంచీ పగలంతా పిల్లతో ఆ గదిలోనే ఉంది తను. మెల్లగా వెనక్కి అడుగేసి, పైట చెంగు పిల్ల చుట్టూ కప్పింది.

"అమ్మా, చలేస్తోంది, లోపలికి పోదాం," అంది పిచిక.

ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.