మొండిదాని బిడ్డ

ఇటుకబట్టీలో బండి తోలే దంపతులకు ఒక కంచరగాడిద ఉండేది. తల్లి గుర్రం, తండ్రి గాడిద. బుద్ధి పుడితే నడిచేది, లేకపోతే ఎంత అదిలించినా అడుగు వేసేది కాదు. అందరూ దాన్ని మొండిది అనేవారు. ఆ ఏడు దాని పొట్ట పెరుగుతూ వచ్చింది. తిండి ఎక్కువైందని భర్త దాణా తగ్గించాడు. ఆయన అటు తిరగగానే భార్య మళ్లీ పోసేది.

ఒకరోజు పొద్దున్నే ఆమె పాకలోకి వెళ్లేసరికి, మొండిది ఒళ్లంతా తడిగా ఉన్న పిల్లను నాకుతోంది. ఆమె ఉన్నచోటే చతికిలబడింది.

"ఏమయ్యా, ఇలా రా. నువ్వు కడుపుతో ఉన్నదాని నోరు కట్టావు."

బట్టీ మేస్త్రి నమ్మలేదు. "కంచరగాడిద ఈనడమేంటి చెల్లెమ్మా? ఎవరి పిల్లో తప్పిపోయి వచ్చింది. వాళ్లొచ్చి అడిగితే ఇచ్చెయ్యాలి."

"తప్పిపోయి వచ్చిన పిల్ల కోసం దీనికి పాలు పడతాయా అన్నా?"

మేస్త్రి తల గోక్కుని పశువుల డాక్టరమ్మకు కబురు పెట్టాడు. ఆవిడ తల్లినీ పిల్లనూ నిమిరి చూసి, బండి అంచున కూర్చుంది.

"గుర్రం ఒంట్లో ఒక్కో కణంలో అరవై నాలుగు క్రోమోజోములుంటాయి. బిడ్డ కోసం తయారయ్యే అండంలోనో వీర్యకణంలోనో మాత్రం సగమే, ముప్పై రెండు. గాడిదకు అరవై రెండు, అందులో సగం ముప్పై ఒకటి. ఆ రెండు సగాలూ కలిసి మీ మొండిది."

"అరవై మూడు," అన్నాడు భర్త వెంటనే. రోజంతా ఇటుకలు లెక్కపెట్టే మనిషి.

"అవును. వాటికి జతలు కుదరవు, సరిగ్గా సగమవవు. అందుకే వీటికి పిల్లలు పుట్టరు. పుడితే ఎక్కడో కోటికొక్కటి."

"ఆ ఒక్కటీ ఇదే కాకూడదా?" అంది భార్య.

డాక్టరమ్మ నవ్వి, తల్లి నుంచీ పిల్ల నుంచీ, పక్క కొట్టంలో ఉన్న మేస్త్రి మగ గాడిద నుంచీ రక్తం తీసుకుంది.

మూడు వారాలు పట్టింది. బట్టీ ముందు ఏ బండి ఆగినా పిల్లను తీసుకుపోవడానికి వచ్చారేమోనని ఆమె దాన్ని పాకలోకి తోలేసేది. పిల్ల మాత్రం ఆమె కొంగు నములుతూ వెంట తిరిగేది.

చివరికి డాక్టరమ్మే కాగితం పట్టుకుని వచ్చింది. "ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి నమ్మకం కుదరక మూడుసార్లు లెక్కపెట్టింది. తల్లికి అరవై మూడు, పిల్లకూ అరవై మూడే. మొండిది వాళ్లమ్మ దగ్గర తెచ్చుకున్న ముప్పై రెండూ చెక్కుచెదరకుండా దీనికి ఇచ్చేసింది. మిగతా ముప్పై ఒకటి మేస్త్రిగారి గాడిదవి. డీఎన్‌ఏ కూడా పోల్చి చూశాం. ఇది మొండిదాని బిడ్డే."

భార్య మొండిదాని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. భర్త కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాళ్లూ చెల్లెమ్మవి. ఇప్పుడు వియ్యపురాలివి అయ్యావు."

"మరి మగపెళ్లివారు మూడు వారాలు మమ్మల్ని అనుమానించారే," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

పనివాళ్లంతా గొల్లున నవ్వారు. ఆ సందడికి పిల్ల బెదిరి, ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీదుగా పరుగు తీసింది. వరసకు వరస డెక్కల గుర్తులు పడ్డాయి. ఎవరూ దాన్ని అదిలించలేదు.