తీగ చివరి మూత

తొంభైతొమ్మిదో సంవత్సరం విజయదశమి పొద్దున, తిరువొత్తియూరులోని ఆ టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క కంప్యూటరూ లేవలేదు. ముందురోజు ఆయుధపూజలో చందనం, కుంకుమ పెట్టించుకుని పెళ్లికూతుళ్లలా కూర్చున్నాయి గానీ పలకరిస్తే పలకవు. అన్ని తెరల మీదా ఒకటే గోల: సర్వర్ కోసం వెతుకుతున్నానంటూ వరసగా చుక్కలు. ఆ సర్వరేమో మూలబల్ల మీద దర్జాగా నడుస్తూనే ఉంది.

కస్తూరి అన్నిటినీ ఆపి మళ్లీ వేసింది, అదే తంతు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. టైపు నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు, సగం మిషన్లు అటకెక్కించి కంప్యూటర్లు పెడదాం, సర్వరుగా ఒక్కటి మంచిది కొంటే చాలు, హార్డ్‌డిస్క్ లేని పాతవన్నీ లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాని మీదే నడుస్తాయి అని. ఇన్‌స్టిట్యూట్ నడిపే మామగారు వెంకటాచలం నెలల తరబడి బిగదీసుకుని, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. విజయదశమినాడు కొత్తగా చేరే పిల్లల ముందు ఇవి నడవాలి. నడవకపోతే ఆ రోజే టైపు మిషన్లు కిందికి దిగుతాయి, కస్తూరి వంటింట్లోకి పోతుంది. అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు ఆ పెద్దమనిషి.

ఏది చెడినా తప్పు తనదే అనుకోవడం ఆడపిల్లలకు ఎవరు నేర్పుతారో గానీ, కస్తూరి ముందుగా తననే అనుమానించుకుంది. పూజకు ముందు సర్వర్లో తాను మార్చినవన్నీ మళ్లీ పాతవిగా మార్చింది. అవే చుక్కలు. ఫ్లాపీ మార్చింది, తీగ తగిలించే కార్డు ఊడదీసి ఇంకోటి పెట్టింది. మళ్లీ అవే చుక్కలు.

"ఏం మా, లేస్తాయా లేవవా?" గుమ్మంలో వెంకటాచలం. "పనివాడు కన్నియప్పన్‌ను పిలిచి అటక మీదివి దించమని చెప్పేదా?"

"ఉండండి మామా, కొంచేపు."

ఇక మిగిలింది తీగే. గోడ వెంబడి ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పాకిన ఆ నల్లటి కేబుల్‌ను వేళ్లతో తడుముతూ, వంగి వంగి కిటికీ దాకా వెళ్లింది. చివరి మిషన్ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. కొస బోసిగా ఉంది. ఆ తీగకు రెండు కొసలా చిన్న ఇనప మూతలుండాలి. లేకపోతే పంపిన మాటలన్నీ కొసకు కొట్టుకుని వెనక్కొచ్చి, ఎవరి మాటా ఎవరికీ అందదు.

"మామా, ఈడ చిన్న ఇనప మూత ఉండాలే, చూసినారా?"

"అదా? ఊరికే తగులుకోని ఉండాదని నేనే తీసినా. ఎంత దుమ్ము మా! బాగా తుడిచి, చందనం పెట్టి, కత్తెర, స్క్రూడ్రైవర్‌తోబాటు సరస్వతమ్మ ముందర పెట్టినా. చిన్న సామానంతా ఆడ పెట్టేదే కదా?"

ఇత్తడి తట్టలో, నూనె డబ్బా పక్కన, నెత్తిన చామంతి రేకుతో కూర్చుని ఉంది ఆ మూత. లోపల నిండా చందనం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు కస్తూరికి. పైగా తిట్టడానికీ లేదు, ఆయన పెట్టింది భక్తితో.

ఆమె ముఖం చూసి వెంకటాచలం చెయ్యి చాపాడు. "ఇట్లా ఇయ్యి" అని మూత తీసుకుని, టైపు అక్షరాల మట్టి దులిపే కుంచెతో చందనమంతా గీకి గీకి తీశాడు. కస్తూరి దాన్ని కొసకు బిగించింది. చుక్కలు ఆగాయి. ఒకదాని తర్వాత ఒకటి తెరలన్నీ వెలిగి, పేరు చెప్పమని అడిగాయి.

కస్తూరి నేల మీదే చతికిలబడింది. ఎంత హాయి! ఏడుపొచ్చినా ఆపుకోలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. కొత్తగా చేరబోయే జనని అందరికంటే ముందొచ్చి మొదటి కుర్చీ లాగబోయింది.

"ఉండు పాపా" అన్నాడు వెంకటాచలం. ఇన్నేళ్లూ ఆ కుర్చీల పక్కన నిలబడి ఊరందరికీ నేర్పినవాడు, పంచె సర్దుకుని దాంట్లో తానే కూర్చున్నాడు.

"అటక మీదివి, మామా?" అంది కస్తూరి కళ్లు తుడుచుకుంటూ.

"ఆడనే ఉండనీ. కొత్త చదువుకు దినం మంచిది, మొదట నాకు చెప్పు మా. యాడ నొక్కేది?"