గాయం చుట్టూ గోడ

మొగుడి చొక్కాకి మూడో గుండీ పెడుతోంటే అత్తగారు అంది, "నువ్వు లేకపోతే వాడి గతేమయ్యేదే తల్లీ!" ఎనిమిది నెలలుగా ఇదే మెచ్చుకోలు. దీంతో కడుపు నిండుతుందా? కోడలి సెలవు నిన్నటితో అయిపోయింది. ఇవాళ పనిలోకి వెళ్లకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

ఆమె పని పరిశోధనశాలలో. దెబ్బతిన్న ఎలుకల మెదళ్లను పల్చగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూడడం. "ఎలుకల మెదళ్లు కోయడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని నలుగురిలో నవ్వేవాడు ఆయన. బండి మీంచి పడి తల పగిలాక ఆ నవ్వు పోయింది. మాట పోయింది, కుడిచెయ్యి మొరాయించింది.

మొన్న ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి, తొమ్మిది చిల్లుల చెక్క ముందు పెట్టి, గడియారం నొక్కి, పుల్లలు గుచ్చమంది. ఆయన మొదటి పుల్ల పట్టుకుని తడబడ్డాడు. అంతే, ఈమె చెయ్యి దానంతటదే పోయి పుల్ల గుచ్చేసింది. రెండోదీ గుచ్చేసింది! "మేడమ్, పరీక్ష మీకు కాదు, ఆయనకి" అని ఆ అమ్మాయి గడియారం ఆపేసింది. సిగ్గుతో చచ్చిపోయింది ఈమె.

నరాలకు ఊడిగం చేసే కణాలుంటాయి. తిండి అందిస్తాయి, చెత్త ఎత్తిపోస్తాయి. మెదడుకి గాయం కాగానే అవే పరిగెత్తుకొచ్చి చుట్టూ గోడ కడతాయి. మొదటి రోజుల్లో ఆ గోడే దిక్కు, లేకపోతే గాయం పక్కకి పాకి బాగున్నదీ పాడవుతుంది. కానీ నెలలు గడిచినా గోడ కదలదు. తెగిన నరప్పోగు మళ్లీ మొలిచి, అక్కడిదాకా వచ్చి, కొస ఉబ్బి ఆగిపోతుంది. కొన్నిచోట్ల ఆ కణాలే దారీ ఇస్తాయి. ఎప్పుడు ఇస్తాయో, ఎందుకు ఇస్తాయో పెద్ద పెద్ద వాళ్లకే ఇంకా తేలలేదు. ఇదంతా ఆమె వందలసార్లు కళ్లారా చూసింది, తన ఇంటి సంగతి మాత్రం ఇవాళ్టిదాకా తట్టలేదు. పాపం, ఆ కణాల్ని తిట్టబుద్ధి కాలేదు ఆమెకి. ఇక చాలు అని వాటికి చెప్పినవాళ్లెవరు?

ఆమె గుండీల మీంచి చేతులు తీసేసింది.

"మిగతావి మీరే పెట్టుకోండి. నేను పనికి వెళ్తున్నాను."

"ఇదేం చోద్యమే!" అంది అత్తగారు.

ఆయన మొహం కందిపోయింది. ఒక్కో ముక్కా కూడబలుక్కున్నాడు. "నీ... చేతులు... పడిపోయాయా?"

ఎనిమిది నెలల్లో ఆ నోట పూర్తిగా వచ్చిన మొదటి మాట అది. "మాట్లాడాడే నా తండ్రి!" అని అత్తగారు భోరుమంది.

ఆమెకీ ఏడుపొచ్చింది. చెప్పులు వేసుకుంది.

"పడిపోలేదండీ. అందుకే పనికి తీసుకుపోతున్నాను."