చెయ్యి తెరుచుకునే వేళ

"రాసీ రాసీ చెయ్యి పాడుచేసుకుందమ్మా మా కోడలు" అని అత్తగారు అప్పాయమ్మగారు వీధిగుమ్మంలో నిలబడి పొరుగావిడకి చెబుతున్నారు. నేను పెరట్లో రుబ్బురోలు దగ్గర కూర్చుని పొత్రం తిప్పుతున్నాను. వేళ్ళ కణుపులు ఉబ్బి, ఎర్రగా, వేడిగా ఉన్నాయి. ఆ చేత్తోనే పిండి రుబ్బుతున్నాను, ఆ చేత్తోనే నూతిలోంచి నీళ్ళు తోడుతున్నాను, కొబ్బరి కోరుతున్నాను, ఇంటిల్లిపాది బట్టలూ పిండుతున్నాను. చెయ్యి చెడగొట్టింది మాత్రం కలం. దాని బరువెంతో ఆవిడ ఒక్కసారి పట్టి చూస్తే బాగుండుననిపించింది.

నాకు కీళ్ళవాతం. రెండో కాన్పు తరవాత పట్టుకుంది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. చెంబు కూడా రెండు చేతులతో ఎత్తాలి. ఎండెక్కాక, పది దాటాక, మెల్లిగా తెరుచుకుంటాయి. మధ్యాహ్నానికి మళ్ళీ సలపడం మొదలు. ఆ మధ్యలో ఉన్న కాసేపే నాది. మేస్టారు, అంటే మా ఆయన సాలమోనుగారు, పిల్లల్ని తీసుకుని బడికి వెళ్ళిపోయాక, పొయ్యి మీద కూర మగ్గుతుండగా, కలానికి పాతచీర పీలిక లావుగా చుట్టి వంటింటి గడప మీద కూర్చునేదాన్ని. ఒక పేజీ సాగేది. ఒక్కో రోజు నాలుగు వాక్యాలే. అయినా ఆ రోజంతా నేను కాస్త మనిషిలా తిరిగేదాన్ని. ఆ కాసేపు నాకేం ఇస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది మొదట్లో నా కథ ఒకటి వారపత్రికలో అచ్చయింది. మేస్టారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి చూరులో దోపేశారు. రాత్రి అన్నం దగ్గర, "ఆ కథలో మొగుడెవరని మా స్కూల్లో అడుగుతున్నారు" అన్నారు.

"ఎవరూ కాదండి. ఊహించి రాసేను."

"ఊహించడానికి నీకు నేను తప్ప ఇంకెవరున్నారు?"

మజ్జిగ పోశాను. అప్పట్నుంచి ఆయనకి నా చెయ్యి మీద శ్రద్ధ ఎక్కువైంది. మామిడికుదురులో బస్సెక్కించి అమలాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు వేళ్ళు నొక్కి చూసి, "చేతికి రెస్టు కావాలమ్మా" అన్నారు. నేను నోరు తెరిచేలోగా పక్కనుంచి మేస్టారు, "ఆయ్, తప్పకుండానండి. ఆ రాతలు మానిపించేస్తానండి" అనేశారు. రుబ్బురోలు సంగతి నేను చెబుదామనుకునేసరికి తరవాతి పేషెంటు వచ్చి కూర్చున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఈస్టరు ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆయన లేచారు. "నా భార్య చెయ్యి ప్రభువు బాగుచేస్తే ఇక జన్మలో కలం పట్టదని మొక్కుకుంటున్నామండి" అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. ఆడవాళ్ళ చాపల మీద కూర్చున్న నాకు ఆ మొక్కు అందరితో పాటే తెలిసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ భయం కూడా వేసింది. నేనూ భక్తురాలినే. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చర్చిలోనే పెరిగినదాన్ని. నిజంగా దేవుడు వింటున్నాడేమో, రాస్తే వేళ్ళు పూర్తిగా వంకర్లు పోతాయేమో అనుకుని మానేశాను. నేను గడప మీద కూర్చునే వేళకి అత్తగారు నానిన మినప్పప్పు తెచ్చి పెట్టడం మొదలెట్టారు. "ఎలాగూ ఖాళీయే కదా, రుబ్బేసేయ్" అనేవారు. చెయ్యి తెరుచుకునే ఆ కాసేపూ రోటికి పోయింది. బుర్రలో మాత్రం ఒక కథ తిరుగుతూనే ఉంది. అందులో మనుషులు నీళ్ళు తోడుతున్నప్పుడు మాట్లాడేవారు, చిన్నదానికి తల దువ్వుతున్నప్పుడు మాట్లాడేవారు. రాయకపోతే వాళ్ళొక్కొక్కరే వెళ్ళిపోతారని నాకు తెలుసు. ఏడవడానికి కూడా తీరిక ఉండేది కాదు.

వానలు పడ్డాయి. వాపు తగ్గలేదు సరికదా, ఎడమచేతికి కూడా దిగింది. ఒక శనివారం సాయంత్రం మేస్టారు సైకిలు స్టాండు వేస్తూనే, "రేపు చర్చిలో అందరి ముందూ నీ సాక్ష్యం. పాస్టరయ్యగారితో చెప్పేసేను" అన్నారు.

"ఏం చెప్పాలండి?"

"చెయ్యి బాగుపడిందని చెప్పు. అంతే."

"బాగుపడలేదు కదండీ."

"కాస్త తగ్గినా తగ్గినట్టే. నీళ్ళు తోడుతున్నావు, పిండి రుబ్బుతున్నావు. ఇంకేం కావాలి?"

"మొక్కు తీర్చకపోతే పిల్లలకి మంచిది కాదే" అని అత్తగారు అందుకున్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. బాగుపడితే జన్మలో రాయననేది మొక్కు. బాగుపడిందని నా నోటితో సంఘం ముందు చెబితే ఇక జన్మంతా అంతే. ఆయనకి కావలసింది నా చెయ్యి కాదు, ఆ మాట. ఆ రాత్రి వంట ఎలా చేశానో తెలియదు. కూరలో ఉప్పు వెయ్యలేదని అత్తగారు అంటే విన్నాను.

మర్నాడు ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. పాట అయ్యాక అయ్యగారు, "రాహేలమ్మా, దేవుడు నీకు చేసిన మేలు సంఘానికి చెప్పమ్మా" అన్నారు. కొంగు తలమీదికి లాక్కుని లేచాను. మగవాళ్ళ వైపు ముందు వరసలోంచి మేస్టారు నాకేసి తిరిగి చూస్తున్నారు.

"మొక్కుకున్న దగ్గర్నుంచీ కలం పట్టలేదండి" అన్నాను.

"స్తోత్రం" అంది సంఘం.

"నెప్పి అలాగే ఉందండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. పక్కచాప మీద రూతు పిన్ని నా కాలు గిల్లింది. అయినా నేను ఆపలేదు. "నెప్పి పోలేదండి. రాయడమే పోయింది."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "విశ్వాసంతో ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉండాలమ్మా."

"ఆయ్, ఉంటానండి. రాసుకుంటూ కనిపెట్టుకుని ఉంటానండి" అని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక మేస్టారు చొక్కా విప్పుతూ, "పదిమందిలో నా పరువు తీసేవు. దేవుడికిచ్చిన మాటంటే లెక్క లేదా నీకు?" అన్నారు.

"ఉందండి. బాగుపడితే మానేస్తానని కదండీ మీరిచ్చిన మాట. బాగుపడలేదు."

ఆయన చొక్కా మళ్ళీ తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా రాలేదు. ఆ తరవాత ఆ ఇంట్లో చాలా రోజులు ఆయన నాతో పిల్లల ద్వారానే మాట్లాడారు. బాధ కలగలేదంటే అబద్ధం.

సోమవారం పది దాటింది. వేళ్ళు తెరుచుకున్నాయి. కలం తెచ్చుకుని గడప మీద కూర్చున్నాను. అత్తగారు నానిన పప్పుగిన్నె తెచ్చి నా ముందు పెట్టి నిలబడ్డారు.

"ఈ చెయ్యి రోజుకి కాసేపే పనిచేస్తుందండి అత్తయ్యగారూ" అన్నాను, తల ఎత్తకుండా. "ఆ కాసేపూ ముందు నాకు. మిగిలితే ఇంటికి."