దోహా నుంచి రెండు షిఫ్టులు

నేను గోదావరిఖనిలో ఒక గని ల్యాంప్ రూమ్ మనిషిని. లోపలికి దిగేవాడికి దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం, ఇరవై ఆరేళ్లుగా ఇదే నా డ్యూటీ. గనిలోకి ఫోన్లు పోవు. దిగినవాడు షిఫ్టు ఎనిమిది గంటలూ పలకకపోయినా మా ఇళ్లలో ఎవరికీ ఫికర్ ఉండదు. ఆ అలవాటు మీదే నా సొంత తమ్ముడు నన్ను నిలువునా ముంచాడు.

మా చెల్లె మమతకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నాకు షుగరు, నాది పనికిరాదన్నారు. దోహాలో పనిచేసే తమ్ముడు సంపత్ దసరాకు వచ్చి పరీక్షలు చేయించుకున్నాడు. వాడి కిడ్నీ కలిసింది. ఇస్తానన్నాడు. మా చిన్నమ్మ బిడ్డ మల్లక్క కూడా ఇస్తానని ముందుకొచ్చింది గానీ, మాకు తమ్ముడున్నాడని నేనే మీసం దువ్వి వద్దన్నాను. సోమవారం హైదరాబాదులో ఆపరేషన్ ఖాయమైంది.

శనివారం సాయంత్రం సంపత్ ఫోన్ చేసి విమానం ఎక్కుతున్నానన్నాడు. ఎంతసేపని అడిగాను.

"రెండు షిఫ్టులనుకో అన్న. అప్పటిదాంక ఫోన్ బందుంటది."

నాకు అర్థమయ్యే లెక్కలోనే చెప్పాడు చూడండి, దొంగ! టికెట్ చౌకని వాడెప్పుడూ ముంబైలో దిగి రైల్లో వచ్చేవాడు. నేరుగా వస్తే ఎంతసేపో నాకేం తెలుసు? నమ్మాను.

ఆదివారం పొద్దున హైదరాబాదు పోవడానికి కారు వచ్చి క్వార్టర్ ముందు ఆగింది. మమత తలస్నానం చేసి, తమ్ముడు ఆకలితో దిగుతాడని సర్వపిండి మూట కడుతోంది. దాని బిడ్డ హర్షిణి ఫోన్ చూస్తూ నా దగ్గరికొచ్చింది.

"మామా, దోహా నుంచి హైద్రాబాద్ మూడు వేల కిలోమీటర్లు గూడ లేదు. నాలుగు గంటలల్ల వస్తరట."

సరిగ్గా చూడమని కసిరాను. పిల్ల మళ్లీ చూపించింది. ఆ లెక్కన వాడు రాత్రే దిగి ఉండాలి. క్వార్టర్ వెనక్కి పోయి ఫోన్ చేశాను. మోగింది. ఎత్తాడు. ఎక్కడున్నావురా అన్నాను.

"ఎక్కలేదన్న. నాకు పిల్లలున్నరు. భయమైంది."

"భయమైతే దసరాకే చెప్పొద్దారా? నీ మొఖం చూసి మల్లక్కను వద్దంటి గదరా!"

ఫోన్ పెట్టేశాడు. మల్లక్క కాళ్లు పట్టుకున్నా పరీక్షలన్నీ మొదటి నుంచి చేయాలి. మమతకు అంత వ్యవధి లేదని డాక్టర్ ముందే చెప్పాడు. భయం ఎవరికైనా ఉంటుంది, కాదనను. కానీ చెల్లెను కారు దాకా తీసుకొచ్చాడే, దానికి వాణ్ని ఏమనాలి?

లోపలికి వచ్చి, తమ్ముడు రావడం లేదని మమతతో చెప్పాను. దాని ముఖం తెల్లబోయింది. మూట కింద పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"విమానానికి ఏమన్న అయిందా అన్న? తమ్ముడు పానంతోనే ఉన్నడా?"

ఉన్నాడన్నాను. అయితే మంచిదేనంటూ రెండు చేతులెత్తి దండం పెట్టింది.