శీలావతి చేదు

ప్రొద్దుటూరు చేపల మార్కెట్టులో ఖమర్‌బీ పొద్దున ఆరింటికే కత్తిపీట ముందర కూర్చుంటుంది. పొలుసు గీకడం, మొప్పలు పీకడం, పేగులు లాగేయడం ఆమె కళ్లు మూసుకుని చేసేస్తుంది. ఒక్క చోట మాత్రం కళ్లు తెరుస్తుంది. కాలేయానికి అంటుకుని ఉండే ఆకుపచ్చ చేదు తిత్తి పగలకుండా బయటికి రావాలి. వచ్చిందంటే అది ఆమె వేళ్ల మీంచి లేచి, మెల్లగా పైకి పోయి రేకుల కప్పు కింద ఆగుతుంది. సాయంత్రానికి ఎండి రాలిపోతుంది. కొనేవాళ్లు ఆ తిత్తుల కిందే నిలబడి బేరాలాడుతుంటారు.

ఆ రోజు బాలన్న వచ్చాడు. పులివెందుల దారిలో ఒక పల్లెలో గొర్రెలు కాచుకునే మనిషి, ఏళ్లుగా ఆమె దగ్గరే చేపలు కొంటాడు. పొట్టేళ్లు అమ్మడానికి మినీ లారీలో వచ్చి, కొమ్మలు వంచే పొడుగాటి దోటితోనే మార్కెట్టులోకి దూరాడు. ఏడాదిగా అతనికి చూపు మసకేస్తోంది. తన గొర్రె ఏదో పక్కవాడి గొర్రె ఏదో తెలియడం లేదు. కాపరికి అంతకన్నా ఇంకేం పోవాలి? శీలావతి చేప చేదు పచ్చిగా మింగితే కళ్లు తేటబడతాయని ఎవరో చెప్పారట.

"వద్దు మామా," అంది ఖమర్‌బీ. "మా అబ్బ అట్నే మింగినాడు. మూడు దినాలకు మూత్రం బందయిపాయ. కిడ్నీలు పోయి సచ్చిపాయ. ఉడకబెట్టినా దాని విషం పోదు."

బాలన్న బుద్ధిగా తలూపి, చేప కోయించుకుని వెళ్లాడు. మొండివాడు అంత తొందరగా ఒప్పుకుంటే నమ్మకూడదని ఆమెకు తట్టలేదు.

కాసేపటికి టీ తాగుతూ పైకి చూసింది. పొద్దుటి నుంచి కోసినవి ఏడు శీలావతులు. రేకుల కింద ఆరు తిత్తులే ఉన్నాయి. దోటి గుర్తొచ్చి టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఫోను చేస్తే మోగుతూనే ఉంది. ఎవరిదో కనబడక బాలన్న ఫోను ఎత్తడం మానేశాడు. ఆమె కత్తిపీట కడక్కుండానే జమ్మలమడుగు మీదుగా పోయే పులివెందుల బస్సెక్కింది. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ముద్దనూరులో డ్రైవరు టీకి దిగితే అతని మీద అరవబోయి ఆగింది. తండ్రి చేదు మింగిన నాడు కూడా ఆమె పరుగున ఇంటికి పోయేసరికి ఆయన నోరు కడుక్కుంటున్నాడు.

పల్లెలో బాలన్న భార్య యల్లమ్మ వాకిట్లో పులుసు కాస్తోంది. ఆయన స్టీలు డబ్బా ఒకటి పట్టుకుని దొడ్లోకి పోయాడని చెప్పింది.

గొర్రెల దొడ్డి చుట్టూ ముళ్లకంప, నడుమ బాలన్న. కాళ్ల దగ్గర మూత తీసిన డబ్బా, ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో దోటి. తల ఎత్తి ఆకాశంలో వెతుకుతున్నాడు. తిత్తి దోటికి అందనంత ఎత్తున, గాలికి కొండ వైపు పోతోంది.

"మార్కెట్లో ఆగుతాండె కదా," అన్నాడు, దొరికిపోయిన మొహంతో. "ఈడ ఆగల్యా."

ఖమర్‌బీ గొర్రెల పెంటికల మీదే కూలబడింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అతనిచ్చిన చెంబులో నీళ్లు తాగి, రేపు కండ్ల డాక్టరు దగ్గరికి రావాలంది. సరేనన్నాడు. ఈసారి నమ్మక, గొర్రెల మీద ఒట్టేయించుకుంది.

తర్వాత తలెత్తి చాలాసేపు చూసింది. పైన ఏమీ లేదు.

"మాకు మిద్దె ఉండె మామా," అంది. "కువైట్ నుంచి మా అన్న దుడ్లు పంపిస్తే ఏసుకున్న మిద్దె. ఆ కప్పు కిందనే ఆగింది తిత్తి. మా అబ్బ స్టూలెక్కి అందుకున్యాడు."