మిషన్ ముందు మంచి కట్టెలు

చుట్టం గడప తొక్కకముందే చిరిగిన చాపను చుట్టి మూలన పెట్టే మనిషి విజయలక్ష్మి. అలాంటిది, ఏకంగా ఆమె పొయ్యి మీదే మిషన్ పెడతామన్నారు!

సూరత్ శివారు పల్లెలో ఒక వరస కిరాయి గదుల్లో ఉండేవాళ్లంతా తెలంగాణ నుంచి వచ్చిన మగ్గాల కూలీలే. మొగుడు పరుశురాం ఖటోదరాలోని మగ్గాల కార్ఖానా నుంచి వస్తూ పాలిస్టర్ పీలికలు సంచి నిండా తెస్తాడు. అందరి పొయ్యిల్లోనూ అవే మండుతాయి. ఆ నల్లటి పొగకు పరుశురాం నాలుగు మెతుకులు తినేలోపు పదిసార్లు దగ్గుతాడు. అందుకే గోబర్ గ్యాస్ పైపులు వస్తాయన్న మాట విజయలక్ష్మికి అమృతంలా వినిపించింది.

భూమిని వేడెక్కించే గాలి ఏ పల్లె పొయ్యిల నుంచి ఎంత లేస్తుందో కొలిచాకే పైపులట. ఆ కొలతల పని మీద కోమలి అనే తెలుగమ్మాయి వచ్చి, వరస మొత్తానికి నమూనాగా విజయలక్ష్మి ఇంట్లో మిషన్ తగిలించింది. పైపులు ముందు ఎలాంటి పల్లెకు వేస్తారో మాత్రం చెప్పలేదు. చెబితే లెక్క చెడుతుందట.

"రోజూ ఎలా వండుతారో అలాగే వండండి అక్కా."

విజయలక్ష్మి తలూపింది. ఊపి, పీలికల సంచి మంచం కిందికి తోసేసింది. పొయ్యి నీటుగా ఉన్నోళ్లకే సర్కారు ఇస్తుందని ఆమె నమ్మకం. మిషన్ ఉన్నన్నాళ్లూ ఎండు తుమ్మకట్టెలు కొని మరీ వండింది, పిచ్చిది.

"రోజూ ఇవేనా అక్కా?"

"గివే బిడ్డా. ఎప్పటికీ గివే."

వర్షాలు మొదలయ్యాక కోమలి మళ్లీ వచ్చింది. పైపులు పక్క పల్లెకు వెళ్లిపోయాయి.

"మీ దగ్గర పొగ తక్కువ అక్కా. ఎక్కువున్న చోట ముందు వేస్తున్నారు."

విజయలక్ష్మి మంచం కింది సంచి బయటికి లాగింది. "గిది కాలుస్తం బిడ్డా. ఇజ్జత్ పోతదని దాచిన. మల్ల కొలువు, నీ కాళ్లు మొక్కుత."

కోమలి కళ్లు దించుకుంది. "రిపోర్టు వెళ్లిపోయింది అక్కా. మళ్లీ ఎప్పుడు కొలుస్తారో నాకూ తెలీదు."

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఇక్కడ గుట్టు దాచడమే వరసంతటికీ చేటయింది. గుమ్మంలో నిలబడి విన్న పక్కింటి ప్రసన్న ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని విజయలక్ష్మి కుమిలిపోయింది.

"ఏందే గట్ల కూసున్నవు? పిల్లకు చాయ్ పెట్టు" అన్నాడు పరుశురాం, దగ్గు ఆపుకుంటూ.

కట్టెలు ఎప్పుడో అయిపోయాయి. విజయలక్ష్మి సంచిలోంచి గుప్పెడు పీలికలు తీసి, చుట్టం ముందే పొయ్యి ముట్టించింది.